అద్దానికి తొందర, చర్మానికి నిదానం: యువత మొటిమల వెనుక రెండు గడియారాలు

రాత్రి పదకొండున్నర. తెల్లవారితే గ్రూపు ఫొటో. పదిహేడేళ్ల కుర్రవాడు అద్దం ముందు నిలబడి, ఎడమ బుగ్గ మీద లేచిన మొటిమను రెండు వేళ్ల గోళ్ల మధ్య పెట్టి నొక్కుతున్నాడు. మొదట ఏమీ రాదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే తెల్లటి చుక్క, దాని వెనకాలే రక్తం. చల్లటి నీళ్లతో కడిగి, కాస్త టూత్‌పేస్టు రాసి పడుకుంటాడు. రాత్రి ఆవగింజంత ఉన్నది తెల్లారేసరికి బఠానీగింజంత అవుతుంది. చుట్టూ ఎర్రటి వలయం, టూత్‌పేస్టు రాసినచోట పొట్టు.

నొక్కినప్పుడు కొంత చీము బయటికి వచ్చిన మాట నిజమే. కంటికి కనిపించనిది ఏమిటంటే, అదే ఒత్తిడికి లోపలి గోడ కూడా చిట్లి, మిగిలిన సరుకంతా చర్మం లోతుల్లోకి జారింది. దాన్ని పరాయి పదార్థంగా చూసిన శరీరం రాత్రంతా దానితో పోట్లాడింది. ఆ వాపు ఆ పోట్లాటే.

మొటిమల విషయంలో యువత పడే తికమకలో పెద్ద వాటా ఇక్కడే ఉంది. అద్దం గంటల్లో జవాబు అడుగుతుంది. చర్మం వారాల్లో, నెలల్లో బదులిస్తుంది. ఈ రెండు గడియారాలూ కలవకపోవడం వల్లే తిండి మీద అనుమానాలు, తన మీద తనకే నిందలు, మందు మీద అపనమ్మకం, సగంలో వదిలేసిన ట్యూబులు పుడతాయి.

రోమకూపం లోపల జరిగేది

చర్మం మీద ప్రతి వెంట్రుకా ఒక సన్నని గొట్టంలోంచి మొలుస్తుంది. దాన్ని రోమకూపం అంటారు. దానికి అతుక్కుని ఒక తైలగ్రంథి ఉంటుంది. అది తయారుచేసే జిడ్డు పేరు సీబమ్. చర్మం ఎండిపోకుండా కాపాడేది అదే కాబట్టి జిడ్డును శత్రువుగా చూడనక్కరలేదు. ముఖం, ఛాతీ, వీపు పైభాగంలో ఈ గ్రంథులు దట్టంగా ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో అసలు ఉండవు, అందుకే అక్కడ మొటిమలు రావు.

యుక్తవయసులో అడుగుపెట్టగానే ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు పెరుగుతాయి. వీటిని పురుష హార్మోన్లు అంటారు కానీ అమ్మాయిల ఒంట్లోనూ ఉంటాయి. వాటి ప్రభావంతో తైలగ్రంథి పెద్దదై జిడ్డు ఎక్కువగా ఊరుతుంది. అదే సమయంలో గొట్టం లోపలి గోడ నుంచి రాలాల్సిన మృతకణాలు విడివిడిగా రాలకుండా జిడ్డుతో కలిసి ముద్దకడతాయి. దారి పూడుకుంటుంది. పైకి ఏ గుర్తూ లేని ఈ దశే మొటిమకు విత్తనం.

పూడిక మీద చర్మం కప్పి ఉంటే అది తెల్లగుల్ల. మూతి తెరుచుకుని ఉంటే నల్లచుక్క. ఆ నలుపును మట్టి అనుకుని పిల్లలు ముఖం అరగదీస్తుంటారు. నిజానికి అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి మారిన కొవ్వు. ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మురికి కాదు.

మూసుకుపోయిన గొట్టంలో గాలి ఆడదు, జిడ్డు పుష్కలంగా ఉంటుంది. అలాంటి చోటును ఇష్టపడే సూక్ష్మజీవి ఒకటి అందరి చర్మం మీదా కాపురం ఉంటుంది. దాని పేరు క్యూటిబాక్టీరియం ఆక్నెస్. 2016 వరకు దాన్ని ప్రొపియోనిబాక్టీరియం ఆక్నెస్ అనేవారు. అది పెరిగే కొద్దీ శరీర రక్షణ వ్యవస్థ ఉలిక్కిపడి ఎరుపు, వాపు, చీము పుట్టిస్తుంది. లోతుగా పోయి గడ్డకట్టి నొప్పి పెట్టేవి అన్నిటికన్నా మొండివి, మచ్చ మిగిల్చే అవకాశం ఎక్కువ ఉన్నవి కూడా అవే.

12 నుంచి 24 ఏళ్ల వారిలో సుమారు 85 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో మొటిమలు వస్తాయని చర్మవైద్యుల లెక్క. ఇందులో ఎక్కువమందివి తేలికపాటివే. అమ్మాయిల్లో కాస్త ముందుగా మొదలవుతాయి, అబ్బాయిల్లో తీవ్రత ఎక్కువగా ఉంటుంది.

నిన్న తిన్నదే కారణమా

పైన చెప్పిన విత్తన దశ నుంచి కంటికి కనిపించే మొటిమ దాకా రావడానికి వారాలు పడుతుంది. తరచూ రెండు నెలల దాకా కూడా. కొన్ని ఎర్రమొటిమలు ఇంతకన్నా తొందరగా లేస్తాయి కానీ సాధారణ లెక్క ఇది. అంటే ఆదివారం అద్దంలో కనిపించిన మొటిమకు పునాది బహుశా రెండు నెలల కిందటే పడింది. శనివారం రాత్రి తిన్న చాక్లెట్‌ను దోషిగా నిలబెడితే సాక్ష్యం చాలదు.

అలాగని తిండికీ మొటిమకూ సంబంధమే లేదనడం కూడా తొందరపాటే. ఈ వాదన కథ ఆసక్తికరంగా ఉంటుంది. 1969లో 65 మందికి కొన్ని వారాలు చాక్లెట్ బార్లు, మరికొన్ని వారాలు చాక్లెట్ లేని బార్లు పెట్టి చూశారు. తేడా కనిపించలేదు. దాంతో ఆహారానికి సంబంధం లేదన్న మాట దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. చిక్కేమిటంటే, ఆ చాక్లెట్ లేని బార్లలోనూ చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి. అక్కడ తేలింది కోకో గురించి మాత్రమే, తీపి గురించి కాదు.

2002లో పాపువా న్యూగినీలోని కిటావా దీవి వాసులను, పరాగ్వేలోని ఆచే తెగవారిని పరిశీలించిన పరిశోధకులకు ఒక్క మొటిమ కూడా కనిపించలేదు. కిటావాలో చూసిన 1,200 మందిలో 15 నుంచి 25 ఏళ్ల వారే 300 మంది. పరిశోధకులు వారి ఆహారం వైపు వేలు చూపించారు. జన్యువులు, జీవన విధానం కూడా వేరే కదా అని విమర్శకులు అడిగారు. 2007లో ఆస్ట్రేలియాలో 15 నుంచి 25 ఏళ్ల 43 మంది యువకులపై 12 వారాలు ప్రయోగం చేశారు. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచని ఆహారం తిన్నవారిలో మొటిమలు ఎక్కువగా తగ్గాయి. అయితే వారు బరువు కూడా తగ్గారు. తగ్గించింది తిండా, బరువా? విడదీయడం కష్టం. పాల విషయంలోనూ సంబంధం ఉన్నట్టు సర్వేలు చెబుతాయి, కారణం అదేనని తేల్చలేవు. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఆహారంపై సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని రాసింది. ప్రస్తుతానికి నిజాయతీగా చెప్పగలిగింది ఇంతే: కొందరిలో ఆహారం ఆజ్యం పోయవచ్చు, నిప్పు పెట్టేది మాత్రం వేరే.

ఆ నిప్పులో వంశపారంపర్యం వాటా పెద్దది. 2002లో బ్రిటన్‌లో కవల సోదరీమణులపై జరిగిన అధ్యయనం, మొటిమల విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 81 శాతం జన్యువుల వల్లేనని లెక్కగట్టింది. ఈ అంకెను ‘నా మొటిమల్లో 81 శాతం అమ్మానాన్నల పుణ్యమే’ అని చదవకూడదు. ఒక గుంపులో కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు మాత్రమే అది జవాబు. అయినా ముఖం సరిగా కడుక్కోవని రోజూ మాట పడే పిల్లలకు ఈ ఒక్క సంగతి తెలిస్తే మనసు తేలికపడుతుంది.

పని చేయని మందు పని చేసినట్టు ఎందుకు అనిపిస్తుంది

ఒక అమ్మాయి వారానికొకసారి తన ముఖం మీది మొటిమలు లెక్కపెట్టుకుందనుకుందాం. వరసగా 6, 9, 14, 20, 13, 8. ఏ మందూ వాడకపోయినా మొటిమలు ఇలా అలలుగా పెరిగి తగ్గుతుంటాయి. ఆమె విసుగెత్తి కొత్త క్రీము కొనేది ఎప్పుడు? ఆరు ఉన్న వారంలో కాదు, ఇరవై ఉన్న వారంలో. రెండు వారాలకు అవి ఎనిమిదికి దిగుతాయి. క్రీముకు పేరొస్తుంది, స్నేహితురాలికి సిఫారసు వెళుతుంది. మూడో నెలలో మళ్లీ అల లేచినప్పుడు ‘దీనికి అలవాటు పడిపోయింది’ అని ఇంకొకటి కొంటుంది.

గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటారు. ముందూ వెనకా ఫొటోలతో తిరిగే వీడియోల్లో చాలావాటి రహస్యం ఇదే. అందుకే మందును నిజంగా పరీక్షించేవాళ్లు ఒక గుంపుకు మందు, ఇంకొక గుంపుకు మందులేని పూత ఇచ్చి, రెండింటిలో తగ్గుదలను పోలుస్తారు. మందులేని పూత రాసుకున్న వారిలోనూ మొటిమలు కొంత తగ్గడం ఈ పరీక్షల్లో మామూలు విషయం.

మొటిమలు ఎన్ని, బాధ ఎంత

ఇద్దరిని పక్కపక్కన ఊహించుకోండి. ఒకతని వీపు నిండా, బుగ్గల నిండా గడ్డలు. అయినా బంతి కనిపిస్తే మైదానంలోకి దూకుతాడు, ఫొటోల్లో ముందు వరసలో నిలబడతాడు. ఇంకొక అమ్మాయికి గడ్డం మీద నాలుగంటే నాలుగు. ఆమె తరగతిలో ఎప్పుడూ గోడ పక్క బల్లే ఎంచుకుంటుంది, ఆ గడ్డం గోడ వైపు ఉండేలా. మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతట అదే చుబుకం మీదికి వెళుతుంది. వీడియో కాల్ వస్తే కెమెరా పాడైందంటుంది. చర్మాన్ని మాత్రమే చూసే వైద్యుడు మొదటివాడిని తీవ్రం అని, రెండో అమ్మాయిని తేలిక అని రాస్తాడు. చర్మం సంగతి వరకు ఆయన తప్పు రాయలేదు.

ఈ లోటును పూడ్చడానికే 1992లో కార్డిఫ్ మొటిమల వైకల్య సూచిక అనే ప్రశ్నావళి వచ్చింది. ఐదు ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం పదిహేను. మొటిమల వల్ల చిరాకు, సిగ్గు కలిగాయా, నలుగురిలో కలవడానికి అడ్డం వచ్చాయా, దుస్తులు మార్చుకునే ఉమ్మడి గదులకు వెళ్లడం మానేశారా వంటివి అందులో ఉంటాయి. మైదానంలో దూకేవాడికి రెండో మూడో మార్కులు, గోడ పక్క అమ్మాయికి పన్నెండు రావచ్చు.

1999లో బ్రిటన్‌లో చర్మవైద్యుల దగ్గరికి వచ్చిన మొటిమల రోగుల జీవన నాణ్యతను ఇతర రోగులతో పోల్చారు. మానసిక, సామాజిక ఇబ్బందుల విషయంలో వీరు దీర్ఘకాలిక ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, నడుమునొప్పి, కీళ్లవాతం ఉన్నవారికి తీసిపోలేదు. వయసులో ఇవి మామూలేనని కొట్టిపారేసే వారికి ఇది గట్టి జవాబు. కానీ ఒక మెలిక గమనించాలి. వీరంతా వైద్యం కోసం వచ్చినవాళ్లు. బాధ లేనివాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయి ఉంటారు.

ఆస్పత్రి బయట చూస్తే? నార్వే రాజధాని ఓస్లోలో 18, 19 ఏళ్ల 3,775 మందిని అడిగిన సర్వే 2011లో వెలువడింది. తమకు మొటిమలు చాలా ఎక్కువ అని చెప్పినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి చనిపోవాలన్న ఆలోచనలు వచ్చాయి. కలచివేసే అంకె. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. మొటిమలు ఎన్ని ఉన్నాయో చెప్పింది వాళ్లే, వైద్యులు లెక్కపెట్టలేదు. మనసు కుంగి ఉన్నవారికి తమ ముఖం మరింత వికారంగా కనిపించే అవకాశం ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ ఒక్క సర్వేతో తేలదు. అలాంటి ఆలోచనలు వస్తున్న వారి సంగతి మాత్రం మొటిమల లెక్కతో పనిలేకుండా వెంటనే ఒక పెద్దవారికో వైద్యుడికో తెలియాల్సిందే.

ఏది ముందో కొంతవరకు చెప్పే సమాచారం 2018లో వచ్చింది. 1986 నుంచి 2012 వరకు బ్రిటన్ వైద్యుల రికార్డులు తిరగేస్తే, మొటిమలని నమోదైన మొదటి ఏడాదిలో తీవ్ర కుంగుబాటు ముప్పు 63 శాతం ఎక్కువగా కనిపించింది. తర్వాతి సంవత్సరాల్లో ఆ తేడా తగ్గింది. 63 శాతం అనగానే వందలో అరవైముగ్గురికి కుంగుబాటు అని భయపడనక్కరలేదు. ఉదాహరణకు మొటిమలు లేని వెయ్యిమందిలో ఏడాదికి పదిమందికి కుంగుబాటు వస్తుందనుకుంటే, మొటిమలున్న వెయ్యిమందిలో అది పదహారుగురికి వస్తుంది. అంటే వెయ్యిలో 984 మందికి రాదు. ఆ అదనపు ఆరుగురు మాత్రం నిజమైన మనుషులే.

వైద్యుడి దగ్గరికి కాళ్లు ఎందుకు కదలవు

‘వాటంతట అవే పోతాయి.’ ఇది చాలా ఇళ్లలో మొదటి జవాబు. చాలామందిలో అది నిజం కూడా కావడంతో ఈ మాటకు బలం పోదు. తండ్రికి ఇరవై ఏళ్లకు తగ్గిపోయాయి, కొడుక్కీ తగ్గిపోతాయి. ఈ వాదనలో లేనిది మచ్చ సంగతి. మొటిమ తనంతట తాను పోవచ్చు. గడ్డకట్టిన మొటిమ చర్మం లోపలి అల్లికను తినేస్తే ఏర్పడే గుంట తనంతట తాను పోదు. మంట తీవ్రత, అది ఎంతకాలం చికిత్స లేకుండా సాగిందన్నది మచ్చల ముప్పును పెంచుతాయి.

సిగ్గు ఇంకొక కారణం. మొటిమలంటే శుభ్రత లేకపోవడం అన్న నమ్మకం ఉన్నచోట చికిత్స అడగడమంటే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. ‘ముఖం మీంచి చెయ్యి తియ్యరా’ అని తల్లి ప్రేమతో అన్న మాట కూడా పదోసారికి నేరారోపణలా వినిపిస్తుంది. పైగా పదహారేళ్ల పిల్లకు ఇది లోకంలోకెల్లా పెద్ద సమస్య, చెప్పుకోబోతే ఇంత చిన్నదానికా అంటారేమో అన్న సంకోచం. కొందరు వైద్యులు కూడా ఒక్క నిమిషంలో చీటీ రాసి పంపేస్తే ఆ సంకోచమే రుజువైనట్టవుతుంది.

కాబట్టి మొదటి మజిలీ ఫోను తెర, స్నేహితుల సలహా, అంగట్లో దొరికే సబ్బులు. వాటిలో కొన్ని పని చేస్తాయి. అమెరికాలో 1996లో అనుమతి పొందిన అడాపలీన్ అనే పూతమందు, 2016 నుంచి అక్కడ చీటీ లేకుండానే దొరుకుతోంది. అసలు ప్రమాదం వేరే రకం క్రీములది. వాడిన మూడు నాలుగు రోజుల్లోనే ఎరుపు మాయమై ముఖం నునుపు తేలితే, అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించాలి. అద్దం గడియారాన్ని తృప్తిపరిచేది దాదాపుగా స్టెరాయిడ్ ఒక్కటే. వారాలు గడిచాక చర్మం పలచబడుతుంది, మొటిమల్లాంటి పొక్కులే మందల్లా లేస్తాయి, మానేస్తే మంట భగ్గుమంటుంది. దాంతో మళ్లీ అదే క్రీము రాయాలనిపిస్తుంది.

ఎనభైనాలుగు రాత్రులు

ఇప్పుడు మందుల గడియారం చూద్దాం. రెటినాయిడ్లు అనే పూతమందులు విటమిన్ ఏ కుటుంబానికి చెందినవి. రోమకూపంలో మృతకణాలు ముద్దకట్టకుండా చూస్తాయి, అంటే విత్తనం దగ్గరే పని మొదలుపెడతాయి. బెంజాయిల్ పెరాక్సైడ్ సూక్ష్మజీవులను చంపుతుంది. యాంటీబయాటిక్‌కు లొంగని జీవులు పుట్టుకొచ్చినట్టు దీనికి ఎదురు నిలిచేవి పుట్టకపోవడం దీని ప్రత్యేకత. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు మంటను తగ్గిస్తాయి కానీ వాటిని ఒంటరిగా, నెలల తరబడి వాడటాన్ని మార్గదర్శకాలు వద్దంటున్నాయి. కొందరు స్త్రీలలో హార్మోన్ల మీద పనిచేసే మాత్రలు ఉపయోగపడతాయి.

బెంజాయిల్ పెరాక్సైడ్ 2024లో వార్తల్లోకెక్కింది. దాన్నుంచి బెంజీన్ అనే హానికర రసాయనం పుడుతోందని ఒక ప్రయోగశాల ప్రకటించడంతో చాలామంది ట్యూబులు పారేశారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 95 ఉత్పత్తులను పరీక్షించి, 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు కనపడలేదని లేదా అత్యల్పంగా ఉందని 2025 మార్చిలో తెలిపింది. కొన్నిటిని మాత్రం కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి.

పూతమందుల ఫలితాన్ని సాధారణంగా 12 వారాలకు కొలుస్తారు. అంటే 84 రాత్రులు. మొదటి రెండు మూడు వారాలు రెటినాయిడ్ రాసిన ముఖం ఎర్రబడి, పొట్టు రేగి, మునుపటికన్నా అధ్వానంగా కనిపించవచ్చు. మంచి జరిగేది లోపల, చెడు కనిపించేది బయట. ఇరవయ్యో రోజున అద్దం చూసుకున్న యువతి మందు పడలేదని తేల్చుకోవడంలో ఆశ్చర్యమేముంది? పోనీ 84 రాత్రులూ గడిచి, ఇరవై మొటిమలు పదికి తగ్గాయనుకుందాం. పరీక్షల భాషలో అది మంచి విజయం. అద్దంలో మాత్రం ఇంకా పది మొటిమలే.

మందు వాడకం గురించి 2009లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనం నాకు బాగా గుర్తుండిపోయింది. పదకొండు మందికి బెంజాయిల్ పెరాక్సైడ్ ట్యూబులిచ్చారు. మూత తీసిన ప్రతిసారీ నమోదుచేసే ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఆ మూతలోనే అమర్చారు. మొదటి రోజు 82 శాతం మంది వాడారు. ఆరో వారం ముగిసేసరికి అది 45 శాతానికి పడిపోయింది. ఫలితం కనపడటం మొదలయ్యే వేళకు సగానికి పైగా చేతులు మూత తీయడమే మానేశాయన్నమాట. అమెరికా, ఐరోపా, ఆసియాల్లో 3,339 మందిని పరిశీలించి 2010లో వెలువరించిన పెద్ద అధ్యయనంలోనూ సగంమంది చికిత్సను సరిగా పాటించని కోవలోకే వచ్చారు. వయసు తక్కువ కావడం, దుష్ప్రభావాలు, జబ్బు గురించి సరిగా తెలియకపోవడం ఆ అధ్యయనం చెప్పిన కారణాల్లో ఉన్నాయి. బద్ధకం అని తీర్పు చెప్పడం సులువు. ముఖం మండుతుంటే, ఫలితం కనపడకుంటే, ఎప్పటికి కనపడుతుందో ఎవరూ చెప్పకుంటే మానేయడం మనిషి సహజ లక్షణం.

ఐసోట్రెటినోయిన్ మీద రెండు వాదనలు

తీవ్రమైన మొటిమలకు ఉన్న మందుల్లో బలమైనది ఐసోట్రెటినోయిన్ మాత్ర. అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. తైలగ్రంథులను కుదించి జిడ్డును బాగా తగ్గిస్తుంది. చాలామందికి ఒక్క విడతతో దీర్ఘకాలం ఉపశమనం దొరుకుతుంది, కొందరికి మళ్లీ వస్తాయి. పెదవులు పగలడం దాదాపు అందరికీ తప్పదు. కాలేయం, రక్తంలో కొవ్వుల పరీక్షలు చేయిస్తారు. గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్ర అవకరాలు వస్తాయి. ఈ విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అమెరికాలో 2006 నుంచి ఈ మందు తీసుకునే ప్రతివారి పేరూ ప్రత్యేక కార్యక్రమంలో నమోదు కావాల్సిందే.

అభిప్రాయాలు చీలింది మనసు మీద దాని ప్రభావం దగ్గర. మందు మొదలుపెట్టాక కుంగుబాటుకు లోనైన యువతీ యువకుల ఉదంతాలు దశాబ్దాలుగా నమోదయ్యాయి. ఆ కుటుంబాల దుఃఖం కల్పితం కాదు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2023 అక్టోబరు 31 నుంచి నిబంధనలు బిగించింది. 18 ఏళ్లలోపు వారికి ఈ మందు మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు అంగీకరించాలని, మానసిక స్థితిని గమనిస్తూ ఉండాలని అప్పుడు చెప్పింది.

రెండో వైపు వాదన జనాభా లెక్కల మీద నిలబడింది. 2023లో 25 అధ్యయనాలను, 16 లక్షలకు పైగా మందిని కలిపి చూసిన విశ్లేషణలో మొత్తం జనాభా స్థాయిలో కుంగుబాటు, ఆత్మహత్యల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. చికిత్స అయిన రెండు నుంచి నాలుగేళ్ల తర్వాత ఆత్మహత్యాయత్నాలు తక్కువగా ఉన్నాయి. తీవ్రమైన మొటిమలే మనసును కుంగదీస్తాయి కాబట్టి, మందును నిందిస్తూ అసలు జబ్బును మరిచిపోతున్నామని చాలామంది చర్మవైద్యుల మాట.

ఈ రెంటి మధ్య 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనం ఆలోచింపజేస్తుంది. 1980 నుంచి 1989 మధ్య ఈ మందు వాడిన 5,756 మంది వివరాలవి. వారిలో ఆత్మహత్యాయత్నాలు మందు మొదలుపెట్టకముందే పెరుగుతూ వచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది చికిత్స ముగిసిన ఆరునెలల్లో. పరిశోధకులు సూచించిన వివరణల్లో ఒకటి మనసును పట్టుకుంటుంది. మొటిమలు పోతే స్నేహాలు, ప్రేమలు, ధైర్యం అన్నీ వస్తాయని నమ్మినవారికి, ముఖం నునుపైనా జీవితం మారకపోతే మిగిలేది శూన్యం. ఇది నిరూపితమైన సిద్ధాంతమేమీ కాదు. కానీ సగటు లెక్క సురక్షితమని చెప్పడం, ఒక్కొక్కరినీ కనిపెట్టుకుని ఉండాలనడం పరస్పర విరుద్ధాలు కావని ఈ సమాచారం చూస్తే అర్థమవుతుంది.

దాచాలా, చూపాలా

మొటిమలను కప్పకుండా ఫొటోలు పెట్టే ధోరణి కొన్నేళ్లుగా యువతలో పెరిగింది. ఫిల్టర్లు వేసిన నునుపు బుగ్గలు చూసీ చూసీ తమ చర్మమే లోపభూయిష్టమని నమ్మిన వారికి ఇది పెద్ద ఊరట. మొటిమ ఉన్నా మనిషికి తక్కువేమీ లేదన్న మాట వినడానికి కొందరికి ఇరవై ఏళ్లు పట్టింది. దీన్ని ప్రశ్నించే వైద్యుల ఆందోళన ఒక్కటే, ఒప్పుకోవడం పేరుతో మచ్చలు పడే దాకా ఆగిపోతారేమోనని. చర్మాన్ని ద్వేషించకుండానే దానికి వైద్యం చేయించుకోవచ్చు కదా అన్నది ఇరువైపులా కొందరి సమాధానం. పంటినొప్పికి మందు వేసుకునేవారు పళ్లను ద్వేషించరు.

మచ్చ అన్న మాటనే రెండింటికి వాడుతుండటం ఇంకో గందరగోళం. మొటిమ మానినచోట మిగిలే గోధుమ లేదా నల్లటి మరక చర్మం ఛాయ ముదురుగా ఉన్నవారిలో ఎక్కువగా, ఎక్కువకాలం ఉంటుంది. చాలామందిని మొటిమకన్నా అదే ఎక్కువ బాధపెడుతుంది. అది రంగు మాత్రమే కాబట్టి నెలల మీద పలచబడుతుంది, ఎండ తగిలితే ఆలస్యమవుతుంది. వేలితో తడిమితే తగిలే గుంట వేరు. దానికి పూతమందులు పెద్దగా చేయగలిగింది లేదు.

మందులను పరీక్షించేవాళ్లు మొదటి రోజునే ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటోలు తీసి పెట్టుకుంటారు. ఎందుకంటే నిన్నటి ముఖం ఎలా ఉందో ఎవరి కళ్లకూ గుర్తుండదు. మనం చూసిన గోడ పక్క అమ్మాయే మూడు నెలల తర్వాత వైద్యురాలి ముందు కూర్చుని, ‘ఏమీ తగ్గలేదండీ’ అందనుకోండి. వైద్యురాలు కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పుతుంది. ఎడమవైపు మొదటి రోజు, కుడివైపు ఇవాళ. అమ్మాయి చాలాసేపు చూస్తుంది. చుబుకం మీది చెయ్యి తీసి, తెర మీద ఎడమవైపు ఫొటోకు వేలు పెట్టి అడుగుతుంది: ‘ఇన్ని ఉండేవా?’